నాడీ తంతువుల్లో అయాన్ కరెంట్లు, విద్యుత్ సంకేతం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ బైపీసీ, ఎంబీబీఎస్ మొదటి ఏడాది, బయోమెడికల్ ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లు, నరాల పరీక్ష రిపోర్టు చేతిలో పట్టుకుని అర్థం వెతుక్కునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. అంకెల్లో చాలా భాగం స్క్విడ్ అనే సముద్ర జీవి నరానివి. మొదట అన్నీ కొలిచింది దాని మీదే. మనిషి నరానికి తేడా వచ్చే చోట విడిగా చెప్పాం.

నరంలో పారే కరెంటు, ఇంట్లో వైరులో పారే కరెంటు ఒకటేనా?

కాదు. వైరులో ఎలక్ట్రాన్లు తీగ పొడవునా కదులుతాయి. నరంలో అసలు పని తంతువును చుట్టి ఉన్న పొరకు అడ్డంగా జరుగుతుంది. సోడియం, పొటాషియం అయాన్లు పొరను దాటి లోపలికీ బయటికీ పోతాయి. ఒక చోట లోపలికి వచ్చిన సోడియం పక్కనున్న కాస్త మేర పొర వోల్టేజిని కూడా పైకి లేపుతుంది. దాంతో అక్కడి పొరలో అయాన్లకు దారి ఇచ్చే తలుపులు తెరుచుకుని అక్కడా సోడియం వస్తుంది. సీమటపాకాయల సరం తలుచుకోండి. ఒకటి పేలితే నిప్పు పక్కదానికి అంటుకుంటుంది. ప్రతిదానికీ సొంత మందు ఉంది కాబట్టి చివరిదీ మొదటిదంత గట్టిగానే పేలుతుంది. నరంలో అయితే పేలిన చోటే కొన్ని మిల్లీసెకన్లలో మళ్లీ పేలడానికి సిద్ధమవుతుంది.

ఏ సంకేతమూ లేనప్పుడు కూడా పొర మీద −65 మిల్లీవోల్టులు ఎందుకుంటాయి? ఆ అంకె ఎలా వస్తుంది?

పొటాషియం లోపల ఎక్కువ, సోడియం బయట ఎక్కువ. విరామంలో పొటాషియంకు దారులు కొంత తెరిచి ఉంటాయి, సోడియంకు దాదాపు మూసి ఉంటాయి. పొటాషియం బయటికి కారిన కొద్దీ లోపల ధనావేశం తగ్గుతుంది. అలా ఏర్పడిన రుణ వోల్టేజే పొటాషియంను వెనక్కి లాగుతుంది. ఈ రెండూ సరితూగే చోటును సమతుల్య వోల్టేజి అంటారు.

లెక్క చిన్నదే. బయటి గాఢతను లోపలి గాఢతతో భాగించండి, 10 ఆధారంగా లాగరిథం తీయండి, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరైతే 58తో గుణించండి. స్క్విడ్‌లో పొటాషియం బయట 20, లోపల 400 మిల్లీమోలార్: 0.05, లాగ్ −1.3, జవాబు −75 మిల్లీవోల్టులు. సోడియం బయట 440, లోపల 50: 8.8, లాగ్ 0.944, జవాబు +55. మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర 58 బదులు 61.5 వాడాలి.

పరీక్షల్లో తప్పు జరిగేది రెండు చోట్ల. భిన్నాన్ని తలకిందులు చేస్తే గుర్తు మారిపోతుంది. కాలిక్యులేటర్‌లో సహజ లాగరిథం బటన్ నొక్కి 58తో గుణిస్తే జవాబు 2.3 రెట్లు పెరుగుతుంది.

విరామ వోల్టేజి సరిగ్గా −75 దగ్గర ఆగదు. కొంచెం సోడియం, ఇతర అయాన్లు లోపలికి కారుతూ దాన్ని −65 చుట్టుపక్కలకు లేపుతాయి.

ప్రచోదనం (యాక్షన్ పొటెన్షియల్, అంటే నరంలో పారే ఒక్కో విద్యుత్ సంకేతం) జరిగే ఆ రెండు మూడు మిల్లీసెకన్లలో లోపల ఏం జరుగుతుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

సోడియం ఛానల్‌కు, అంటే పొరలో సోడియం దాటే దారికి, రెండు రకాల తలుపులున్నాయి అనుకోండి. ఒకటి వోల్టేజి పైకి లేస్తే తెరుచుకుంటుంది. రెండోది అదే వోల్టేజికి మూసుకుంటుంది. పొటాషియం ఛానల్‌కు తెరుచుకునే తలుపు మాత్రమే ఉంది. మూడు తలుపులకూ అందే ఆజ్ఞ ఒకటే, వోల్టేజి పెరిగిందని. తేడా అంతా ఎవరు ఎంత చురుగ్గా స్పందిస్తారన్న దాంట్లోనే. 6.3 డిగ్రీల దగ్గర, ప్రచోదనం శిఖరాన వోల్టేజి సుమారు +35 ఉన్నప్పుడు, సోడియం తెరిచే తలుపు కాలమానం (టైమ్ కాన్‌స్టంట్, అంటే మార్పు చాలావరకు పూర్తవడానికి పట్టే సమయం) 0.13 మిల్లీసెకను. సోడియం మూసే తలుపుది 1 మిల్లీసెకను, పొటాషియం తలుపుది 1.07. అంటే మొదటిది మిగతా రెండింటికన్నా ఏడెనిమిది రెట్లు చురుకు.

కాబట్టి కథ ఇలా నడుస్తుంది. ఏదో ఒక ఊతంతో వోల్టేజి ఏడెనిమిది మిల్లీవోల్టులు పైకి లేస్తుంది. సోడియం తలుపులు కొన్ని తెరుచుకుంటాయి. వచ్చిన సోడియం వోల్టేజిని ఇంకా లేపుతుంది, దాంతో ఇంకొన్ని తెరుచుకుంటాయి. ఇలా ఒకదాన్నొకటి తోసుకుంటూ అర మిల్లీసెకను అటూ ఇటూగా వోల్టేజి సోడియం సమతుల్య విలువ వైపు దూసుకుపోతుంది. అక్కడిదాకా చేరదు. ఈలోపు మెల్లగా కదిలే రెండు తలుపులూ పనిలోకి దిగుతాయి. సోడియం దారి మూసుకుంటుంది, పొటాషియం దారి తెరుచుకుంటుంది. పొటాషియం బయటికి పోతూ వోల్టేజిని కిందికి లాగుతుంది. దాని తలుపు తెరుచుకోవడమే కాదు, మూసుకోవడమూ నిదానమే. అందుకే వోల్టేజి విరామ స్థాయికన్నా కొన్ని మిల్లీవోల్టులు కిందికి జారి, ఆపైన తిరిగి వస్తుంది.

సోడియం మూసే తలుపు మళ్లీ తెరుచుకోవడానికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. విరామ వోల్టేజి దగ్గర దాని కాలమానం 8.5 మిల్లీసెకన్లు. అది తేరుకునేదాకా అక్కడ రెండో ప్రచోదనం పుట్టదు. సంకేతం వెనక్కి తిరగకుండా ముందుకే పోవడానికి కారణం కూడా ఇదే.

బ్యాటరీలాంటి గాఢతల తేడా ఎప్పుడూ అక్కడే ఉంటుంది. సంకేతానికి రూపం ఇచ్చేది తలుపులు కదిలే వరస, వాటి మధ్య ఆలస్యం. మందులు, విషాలు, చలి, వేడి అన్నీ చెయ్యి పెట్టేది ఈ వరసలోనే.

ఒక్క ప్రచోదనానికి ఎన్ని అయాన్లు దాటుతాయి? లోపలి గాఢత మారిపోదా?

పొర ధారణశక్తి (కెపాసిటెన్స్) చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోఫారడ్. దాన్ని 100 మిల్లీవోల్టులు కదిలించాలంటే కనీసం 1 పికోమోల్ అయాన్లు చాలు. స్క్విడ్‌లో నిజంగా దాటేది 3 నుంచి 4 పికోమోళ్లు. సోడియం లోపలికీ పొటాషియం బయటికీ కొంతసేపు ఒకేసారి పోవడంతో కొంత వృథా అవుతుంది.

అర మిల్లీమీటరు వ్యాసం, 1 సెంటీమీటరు పొడవున్న ముక్క తీసుకుందాం. ఉపరితలం 0.157 చదరపు సెంటీమీటర్లు, లోపలి ద్రవం సుమారు 2 మైక్రోలీటర్లు. ఒక్కో ప్రచోదనానికి పోయే పొటాషియం లోపలున్న దాంట్లో దాదాపు పదిలక్షల్లో ఒక వంతు. ఉప్పు డబ్బాలోంచి కొన్ని పలుకులు తీసినంతే.

తంతువు సన్నబడితే లెక్క మారుతుంది. వ్యాసం 0.2 మైక్రోమీటర్లయితే ఉపరితలానికీ ఘనపరిమాణానికీ నిష్పత్తి 2500 రెట్లు పెరుగుతుంది. అప్పుడు ఒక్క ప్రచోదనానికే పొటాషియం దాదాపు 500లో ఒక వంతు పోతుంది. అలాంటి తంతువులు వరసగా కొన్ని వందల సార్లు పేలితే, దాటిన అయాన్లను తిరిగి చేర్చే సోడియం-పొటాషియం పంపు వెంటనే అందుకోవాల్సిందే.

వోల్టేజిని తిరిగి కిందికి దించేది సోడియం-పొటాషియం పంపే కదా?

కాదు. చాలా గైడ్లలో ఉన్న తప్పు ఇది. దించేది సోడియం తలుపు మూసుకోవడం, పొటాషియం ప్రవాహం. పంపు ఒక్కో ఏటీపీకి (కణానికి శక్తినిచ్చే అణువు) 3 సోడియంలను బయటికి తోసి 2 పొటాషియంలను లోపలికి తెస్తుంది. అది మిల్లీసెకన్ల పని కాదు, తీరిగ్గా సాగే మరమ్మతు. పంపుకు శక్తి అందకుండా చేసినా స్క్విడ్ నరం చాలాసేపు ప్రచోదనాలు పంపుతూనే ఉంటుందని 1955లోనే హాడ్జ్‌కిన్, కీన్స్ చూపించారు.

ఇవన్నీ ఎలా కొలిచారు? స్క్విడ్ ఎందుకు?

లావు కోసం. స్క్విడ్ మహా తంతువు వ్యాసం అర మిల్లీమీటరు, ఒక్కోసారి 1 మిల్లీమీటరు దాకా. దారపు పోగులాగా కంటికి కనిపిస్తుంది, లోపలికి తీగ దూర్చవచ్చు. దాన్ని 1936లో జె. జెడ్. యంగ్ శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చాడు. 1939లో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో లోపలికి ఎలక్ట్రోడ్ పెట్టి ప్రచోదనాన్ని కొలిచారు. వోల్టేజి సున్నా దగ్గర ఆగుతుందని అంతవరకూ అనుకునేవారు. అది సున్నా దాటి ధన వైపు బాగా లేచింది. అంతలో యుద్ధం వచ్చి పని ఆగింది.

అసలు చిక్కు ఏమిటంటే, ప్రచోదనంలో వోల్టేజి తలుపులను కదిలిస్తుంది, తలుపులు వోల్టేజిని కదిలిస్తాయి. రెండూ ఒకేసారి మారుతుంటే ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయలేం. దీనికి విరుగుడు వోల్టేజ్ క్లాంప్. గాజు పుల్ల చుట్టూ చుట్టిన రెండు వెండి తీగలు తంతువు లోపలికి పోతాయి. ఒకటి వోల్టేజి చూస్తుంది, రెండోది కరెంటు పంపుతుంది. మధ్యలో యాంప్లిఫయర్ ఉంటుంది. వోల్టేజి కోరిన విలువ నుంచి ఇసుమంత జరిగినా, జరగనివ్వకుండా అంతే కరెంటు ఎదురు పంపుతుంది. అలా పంపాల్సి వచ్చిన కరెంటే పొర గుండా పోతున్న అయాన్ కరెంటు.

వోల్టేజిని ఒక్కసారిగా −65 నుంచి 0కి లేపి పట్టుకుంటే మొదట లోపలికి ఒక చిన్న విసురు, తర్వాత బయటికి నిలకడైన ప్రవాహం కనిపిస్తాయి. సముద్రపు నీటిలో సోడియం బదులు కోలీన్ అనే వేరే ధన అయాన్ పెడితే ఆ మొదటి విసురు మాయమవుతుంది. ముందటి రికార్డులోంచి తర్వాతి రికార్డు తీసేస్తే మిగిలేదే సోడియం కరెంటు. ఇప్పుడైతే సోడియంను ఆపడానికి టెట్రోడోటాక్సిన్ అనే విషం, పొటాషియంను ఆపడానికి టీఈఏ (టెట్రాఇథైల్ అమోనియం) వాడతారు.

ఇందులో తప్పు జరిగే చోటు కూడా వాళ్లే గుర్తించారు. పొరకూ ఎలక్ట్రోడ్‌కూ మధ్య చదరపు సెంటీమీటరుకు సుమారు 7 ఓమ్‌ల శ్రేణి నిరోధం ఉంది. 1 మిల్లీఆంపియర్ పారితే 7 మిల్లీవోల్టుల లోపం వస్తుంది. సన్నటి గాజు గొట్టంతో ఒక్కో కణం కరెంటు కొలిచే ఇప్పటి ప్యాచ్ క్లాంప్‌లోనూ అదే జబ్బు. 5 మెగాఓమ్‌ల నిరోధం మీద 5 నానోఆంపియర్ల సోడియం కరెంటు పారితే మీరు 0 అనుకుంటున్న వోల్టేజి నిజంగా 25 మిల్లీవోల్టులు పక్కన ఉంటుంది. కరెంటు గీత మెట్టు మెట్టుగా పెరగకుండా ఒకేసారి పూర్తిగా లేచిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

1952లో వాళ్లిద్దరి పేరుతో వచ్చిన ఐదు పత్రాల్లో చివరిదానిలో ఈ కొలతల నుంచే సమీకరణాలు కట్టారు. కేంబ్రిడ్జి కంప్యూటరు అప్పుడు మార్పుల కోసం ఆపి ఉండటంతో హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద వారాల తరబడి లెక్క వేశాడు. 18.5 డిగ్రీల దగ్గర సంకేత వేగం సెకనుకు 18.8 మీటర్లని లెక్క తేలింది. నిజం నరంలో కొలిస్తే 21.2. ప్రచోదనాన్ని ఒక్కసారి కూడా లెక్కలోకి దించకుండా, కట్టేసిన వోల్టేజిల దగ్గర కొలిచిన అంకెలతోనే అంత దగ్గరికి వచ్చారు. 1963లో వాళ్లకు జాన్ ఎకిల్స్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

ఆ సమీకరణాల్ని కంప్యూటర్‌లో నడపాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది?

పైథాన్ చాలు, ఎక్సెల్ కూడా చాలు. నాలుగు చరరాశులు: వోల్టేజి, సోడియం తెరిచే ఎం, సోడియం మూసే హెచ్, పొటాషియం తెరిచే ఎన్. సోడియం వాహకత (కండక్టెన్స్) 120ని ఎం ఘనంతో, హెచ్‌తో గుణించాలి. పొటాషియం వాహకత 36ని ఎన్ నాలుగో ఘాతంతో గుణించాలి. లీకు 0.3. ఇవి చదరపు సెంటీమీటరుకు మిల్లీసీమెన్లు. సమతుల్య వోల్టేజిలు +50, −77, −54.4. ధారణశక్తి 1 మైక్రోఫారడ్. మొదటి విలువలు: వోల్టేజి −65, ఎం 0.053, హెచ్ 0.596, ఎన్ 0.318.

ప్రేరణ ఇవ్వకముందే ఒక పరీక్ష చేయండి. విరామంలో పొటాషియం కరెంటు బయటికి 4.4, సోడియం లోపలికి 1.2, లీకు లోపలికి 3.2 మైక్రోఆంపియర్లు రావాలి. మొత్తం సున్నా. రాకపోతే ముందుకు వెళ్లకండి, ఎక్కడో గుర్తు తప్పింది. ఎక్కువ మందిని దెబ్బతీసేది ఇదే. 1952 పత్రంలో విరామ వోల్టేజిని సున్నాగా తీసుకుని, వోల్టేజి లేవడాన్ని రుణంగా రాశారు. ఇప్పటి పుస్తకాలు రెండూ మార్చాయి. ఒక చోటి నుంచి సమీకరణం, ఇంకో చోటి నుంచి అంకె తీసుకుంటే ఏదీ కలవదు.

తర్వాత అర మిల్లీసెకను పాటు 20 మైక్రోఆంపియర్లు ఇవ్వండి. వోల్టేజి సుమారు 10 మిల్లీవోల్టుల మేర లేచి ప్రచోదనం పుట్టాలి. 10 మైక్రోఆంపియర్లు ఆపకుండా ఇస్తే వరసగా పుడతాయి. 200 ఇచ్చి చూడండి, కాసేపటికి ఆగిపోతాయి. వోల్టేజి పైనే ఉండిపోవడంతో హెచ్ తలుపు తేరుకోదు.

సరళమైన ఆయిలర్ పద్ధతి వాడితే కాలపు మెట్టు 0.01 మిల్లీసెకను పెట్టండి. 0.1 పెడితే అంకెలు అడ్డగోలుగా ఊగి లెక్క పేలిపోతుంది. శిఖరం దగ్గర వాహకత అంతా కలిపి 40 దాకా పోతుంది కాబట్టి పొర కాలమానం 0.025 మిల్లీసెకనుకు పడిపోతుంది. మెట్టు దానికి రెట్టింపు దాటకూడదు.

మధ్యలో ఎప్పుడో ఒకసారి సున్నాతో భాగహారం అని ఆగిపోతే కంగారు పడొద్దు. వోల్టేజి సరిగ్గా −40 అయితే ఎం సూత్రంలో, −55 అయితే ఎన్ సూత్రంలో పైనా కిందా సున్నా వస్తుంది. ఆ రెండు చోట్ల తెరిచే రేట్లను నేరుగా 1 అని, 0.1 అని రాసేయండి.

ఇక ఉష్ణోగ్రత. ఇవి 6.3 డిగ్రీల విలువలు. ప్రతి 10 డిగ్రీలకూ అన్ని రేట్లనూ 3తో గుణించాలి, 18.5 డిగ్రీలకు 3.82 రెట్లు. మనిషి కోసమని 37 డిగ్రీలు పెడితే రేట్లు 29 రెట్లయి అసలు ప్రచోదనమే రాదు, చిన్న బుడిపె లేచి పోతుంది. కోడ్ తప్పు కాదు, ఆ నరం చల్లటి నీటి జీవిది.

మనిషి నరంలో కూడా ఇదేనా?

సూత్రం ఒకటే, అమరిక వేరు. మైలిన్ అనే కొవ్వు తొడుగు చుట్టుకున్న తంతువులో సోడియం ఛానళ్లు రాన్వియర్ కణుపుల (ఆ తొడుగు మధ్య మధ్య ఉండే ఖాళీల) దగ్గరే కిక్కిరిసి ఉంటాయి. ఆ కణుపు పొడవు సుమారు 1 మైక్రోమీటరు, రెండు కణుపుల మధ్య దూరం లావు తంతువుల్లో 1 మిల్లీమీటరు దాకా. సంకేతం కణుపు నుంచి కణుపుకు గెంతుతుంది. అందుకే 10 మైక్రోమీటర్ల మన తంతువు సెకనుకు 60 మీటర్ల వేగం అందుకుంటుంది. 500 మైక్రోమీటర్ల స్క్విడ్ తంతువుది 20 చిల్లరే. మైలిన్ లేని మన నొప్పి తంతువులు సెకనుకు 0.5 నుంచి 2 మీటర్లతో సరిపెట్టుకుంటాయి.

పాఠ్యపుస్తకాలు దాటేసే ఇంకో తేడా ఉంది. క్షీరదాల కణుపుల దగ్గర చురుకైన పొటాషియం ఛానళ్లు చాలా తక్కువ. అక్కడ వోల్టేజిని దించేది ముఖ్యంగా సోడియం తలుపు మూసుకోవడం, లీకు. పొటాషియం ఛానళ్లు కణుపు పక్కన మైలిన్ కింద దాగి ఉంటాయి. మైలిన్ ఊడిపోతే అవి బయటపడి సంకేతాన్ని మింగేస్తాయి. మైలిన్ దెబ్బతినే జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో నడక కొంత మెరుగుపడటానికి ఇచ్చే 4-అమైనోపిరిడిన్ మూసేది వాటినే.

నరాల పరీక్షకు ముందు చేతులు వెచ్చగా పెట్టుకోమంటారు. ఎందుకు?

ఏసీ గదిలో అరగంట కూర్చుంటే చెయ్యి చల్లబడుతుంది. చల్లబడితే సోడియం తలుపులు నిదానిస్తాయి, ఈ పరీక్షలో కొలిచే సంకేత వేగం తగ్గుతుంది. ఒక్కో డిగ్రీకి సెకనుకు సుమారు 2 మీటర్లు పోతాయి. చెయ్యి 27 డిగ్రీల దగ్గరుంటే 52 రావాల్సింది 42 వచ్చి, లేని జబ్బు రిపోర్టులో కనిపిస్తుంది. చేతి చర్మం 32 డిగ్రీల దగ్గరుండాలి. చలికి వేగం తగ్గినా నమోదైన అల ఎత్తు పెరుగుతుంది. జబ్బు వల్ల తగ్గితే మామూలుగా అలా పెరగదు. చేతులు చల్లగా ఉంటే టెక్నీషియన్‌కు చెప్పి వేడి చేయించుకోండి.

మరి వేడి పెరిగితే మైలిన్ జబ్బు ఉన్నవాళ్లకు మేలు జరగాలి కదా? ఎండలో చూపు మసకబారుతుందంటారేం?

వేడికి సోడియం తలుపు తెరుచుకోవడం చురుకవుతుంది, మూసుకోవడమూ, మిగతావీ చురుకవుతాయి. ప్రచోదనం పొట్టిదవుతుంది, ఒక్కో దానిలో అందే ఆవేశం తగ్గుతుంది. ఆరోగ్యమైన నరంలో తర్వాతి కణుపును లేపడానికి కావాల్సిన దానికి కొన్ని రెట్లు కరెంటు అందుతుంది కాబట్టి తెలియదు. మైలిన్ పోయి కరెంటు కారిపోతున్న చోట అది ఇప్పటికే అంచు మీద ఉంటుంది, అర డిగ్రీ పెరిగినా సంకేతం ఆగవచ్చు. జ్వరంలో, వేడినీళ్ల స్నానం తర్వాత, మే నెల ఎండలో లక్షణాలు పెరిగి, చల్లబడగానే తగ్గుతాయి.

పంటి దగ్గర చీము పట్టి ఉంటే మత్తు ఇంజెక్షన్ సరిగా పనిచేయదెందుకు?

లిడోకెయిన్ సోడియం ఛానల్‌ను లోపలి వైపు నుంచి మూస్తుంది. లోపలికి పోవాలంటే ముందు పొరను దాటాలి. ఆవేశం లేని రూపమే దాటగలదు. మామూలు కణజాలంలో, పీహెచ్ 7.4 దగ్గర, మందులో 24 శాతం ఆ రూపంలో ఉంటుంది. చీము పట్టిన చోట ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 6.4కు దిగితే 3 శాతమే మిగులుతుంది. అందుకే దంత వైద్యులు చీముకు దూరంగా, నరం మొదట్లో ఇంజెక్షన్ ఇస్తారు.

ఎర్ర తేలు విషం, దోమల కాయిల్ పనిచేసేది కూడా వీటి మీదేనా?

అవును, రెండూ సోడియం తలుపు మీదే. తేలు విషంలోని ఒక రకం పదార్థాలు సోడియం దారిని మూసే హెచ్ తలుపును మూసుకోనివ్వవు. ప్రచోదనం సాగిపోతుంది, నరం ఆపకుండా పేలుతుంది. ఎర్ర తేలు కుడితే మొదట చెమటలు, చల్లబడ్డ చేతులు, పెరిగిన రక్తపోటు కనిపిస్తాయి, ఆపైన ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ దీనికి ప్రాజోసిన్ వాడి ఎన్నో ప్రాణాలు నిలిపారు. మంత్రాలకూ పసర్లకూ సమయం పోగొట్టకండి. పిల్లలైతే మరీ, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాయిల్స్‌లోని పైరెత్రాయిడ్లు తెరుచుకున్న సోడియం ఛానల్‌ను తెరిచే ఉంచుతాయి. ఆ ఛానల్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారిన దోమలకు మందు సరిగా అతకదు. కొన్ని చోట్ల కాయిల్ కింద కూడా దోమలు తిరగడానికి అదొక కారణం.

కాల్షియం తగ్గితే వేళ్లు కొంకర్లు పోతాయెందుకు? కాల్షియం ఈ లెక్కలో ఎక్కడా లేదు కదా?

పొర బయటి ముఖం మీద రుణావేశాలుంటాయి. కాల్షియం వాటిని కప్పి ఉంచుతుంది. కాల్షియం తగ్గితే ఆ రుణావేశం బయటపడుతుంది. కొలిచే మీటరుకు మామూలు విరామ వోల్టేజే కనిపించినా, పొర లోపలి తలుపుకు మాత్రం వోల్టేజి పైకి లేచినట్టే తోస్తుంది. స్క్విడ్‌లో బయటి కాల్షియంను ఐదో వంతుకు తగ్గిస్తే 10 నుంచి 15 మిల్లీవోల్టులు లేపినంత పని జరుగుతుందని 1957లో ఫ్రాంకెన్‌హాయిజర్, హాడ్జ్‌కిన్ కొలిచారు. ప్రచోదనం పుట్టడానికి ఏడెనిమిది చాలని పైన చూశాం. అందుకే కాల్షియం తగ్గిన మనిషికి బీపీ పట్టీ బిగించి మూడు నిమిషాలు ఉంచితే, కింద రక్తం అందని నరాలు వాటంతటవే పేలి, బొటనవేలు అరచేతిలోకి మడుచుకుపోతుంది.